చన్నీళ్లు

రక్తం మరకకి చన్నీళ్లే పెట్టాలి. వేణ్నీళ్లు తగిలితే రక్తం ఉడికి నూలుకి పట్టేస్తుంది, ఇక జన్మలో వదలదు. కాపురానికి వచ్చిన మొదటి వారంలో అత్తగారు మార్సెలీన్ సోలాంజ్‌కి నేర్పిన మొదటి పాఠం అది. ముందు నాననివ్వు, గుప్పెడు ఉప్పు చల్లు, వేళ్ల చివర్లతో నలుపు, కోపం వచ్చినట్టు బాదకు అని పక్కన నిలబడి మరీ చూపించింది. ఇరవై మూడేళ్లుగా సోలాంజ్ ఆ పాఠం అప్పజెబుతూనే ఉంది.

ఆ ఇంట్లో రక్తానికి కొదవ లేదు. ఆమె భర్త రెజిస్ ఒకప్పుడు కమార్గ్ చిత్తడి నేలల్లో పేరు మోసిన ఎద్దుల ఆటగాడు. అక్కడి ఆటలో ఎద్దుని చంపరు. కొమ్ముల మధ్య ఒక ఎర్ర కుచ్చు కట్టి బరిలోకి వదులుతారు. తెల్లబట్టలు వేసుకున్న కుర్రాళ్లు దానికి ఎదురుపోయి, పిడికిట్లో పట్టిన నాలుగు పళ్ల ఇనప కొక్కెంతో ఆ కుచ్చు తెంపుకు రావాలి. తెంపినవాడికి చప్పట్లు, తెంపనివ్వని ఎద్దుకి బ్యాండు మేళం. గోడ మీద అంటించే కాగితాల్లో ఎద్దు పేరు పెద్దక్షరాల్లో, మనుషుల పేర్లు కింద చీమల్లా ఉంటాయి. పేరున్న ఎద్దు ముసలిదై చచ్చిపోతే సముద్రం వైపు మొహం పెట్టి నిలబెట్టి పూడుస్తారు. మనుషులు మాత్రం చీల్చిన తొడలతో, విరిగిన పక్కటెముకలతో ఇళ్లకి వస్తారు. వాళ్ల బట్టలు సోలాంజ్ దగ్గరికి వస్తాయి.

మోకాలు పోయి ఆట మానేశాక రెజిస్ ఊళ్లో కుర్రాళ్లకి ఆట నేర్పే బడి పెట్టాడు. బోర్డు మీద పేరు అతనిది. కుర్రాళ్ల బట్టలుతకడం, కొమ్ము తగిలి చిరిగిన లాగులు కుట్టడం, తుప్పు పట్టకుండా కొక్కేలకి నూనె రాయడం, ఆదివారం అందరికీ ఎద్దు మాంసం కూర వండడం, వ్యాను తోలడం సోలాంజ్ వంతు. జీతం ఊసు ఎప్పుడూ రాలేదు, ఇంటి పనికి జీతమేమిటి. ఏడాదికోసారి ఎద్దుల ఆట సంఘం విందులో ప్రెసిడెంటు గ్లాసెత్తి, మన సోలాంజ్ లేకపోతే మనమంతా మురికి బట్టలతో తిరగాల్సిందే అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వి, ఖాళీ పళ్లాలు పోగేసుకుని లోపలికి పోతుంది.

పెంతెకొస్తు పండగ ఆదివారం సాయంత్రం ఆమె ఎప్పట్లాగే బట్టల బుట్ట ముందేసుకుంది. బుట్ట అడుగున ఉండ చుట్టిన తెల్లచొక్కా ఒకటి దొరికింది. ఆట బట్ట కాదు, కూతురు ఎస్టెల్‌ది. విప్పి చూస్తే వీపు మీద, కుడి రెక్క ఎముక దగ్గర, గోధుమరంగుకి తిరిగిన నాలుగు చుక్కలు, ఒకే వరసలో. అయినా సోలాంజ్ చేతులు ఆగలేదు. అవి కుళాయి తిప్పాయి, ఉప్పు చల్లాయి, వేళ్ల చివర్లతో నలిపాయి. ఆమె తేరుకునేసరికి చొక్కా మల్లెపువ్వులా ఉంది. అలాగే ఇస్త్రీ చేసి, మడిచి, కూతురి మంచం మీద పెట్టి వచ్చి తొట్టి గట్టు మీద కూలబడింది.

ఎస్టెల్ పెళ్లి వచ్చే శనివారం. పెళ్లికొడుకు జోరిస్, రెజిస్ బడిలో అందరికన్నా చురుకైన చెయ్యి ఉన్న శిష్యుడు. కొడుకు లేని లోటు తీరిందని రెజిస్ ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆ నాలుగు చుక్కలు ఏ చేతివో సోలాంజ్‌కి ఇంకొకరు చెప్పక్కర్లేదు. శనివారం లోపల నోరు విప్పాలా, ఇన్నేళ్లు మింగినట్టే ఇదీ మింగాలా అన్న ఒక్క ప్రశ్న ఆమెను తెల్లారేదాకా తొలిచింది.

మర్నాడు సోమవారం రెండు పనులున్నాయి. సాయంత్రం నాలుగింటికి ఊరి బరిలో రెజిస్‌కి సన్మానం. పొద్దున నీమ్ నగరం వెళ్లిరావాలి. ఆ చుట్టుపక్కల పెళ్లికూతుళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లినాడు నీమ్‌లోని పాత రోమన్ గుడి మెట్ల మీద గౌను తోక పరిచి ఒక ఫోటో తీయించుకోవాలి. ఏ మెట్టు మీద ఎండ కళ్లలో పడదో ముందే చూసి రమ్మని ఫోటోగ్రాఫరు చెప్పాడు. కాఫీ తాగుతూ రెజిస్ వెటకారం చేశాడు.

"పాత చుట్టాన్ని పలకరించిరా. రెండు వేల ఏళ్లయినా ఆ గుడి నీకంటే బాగా నిలబడింది."

మార్సెలీన్ పకపకా నవ్వింది. ఎస్టెల్ నవ్వలేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది. మార్సెలీన్ కూడా, మనవరాలి ఫోటో సంగతి నేను చూడకపోతే ఎలా అంటూ చేతికర్ర పుచ్చుకుని వెనక సీట్లో ఎక్కింది.

నీమ్‌వాళ్లు దాన్ని గుడి అనరు, చదరపు ఇల్లు అంటారు, కొలిస్తే చదరం కాకపోయినా. పెళ్లికి ముందు రెండు వేసవులు సోలాంజ్ అక్కడ పని చేసింది. చరిత్ర చదువుకునేది అప్పట్లో. వచ్చినవాళ్లని తిప్పి చూపించి కథ చెప్పే పని. రెజిస్ ఆమెను చూసింది అక్కడే. చెప్పినంతసేపూ స్తంభానికి ఆనుకుని విని, నీ గొంతుకి ఎద్దు కూడా ఆగి నిలబడుతుంది అన్నాడు. ఆ మాటకి ఆమె పడిపోయింది. పెళ్లయిన మొదటి వేసవిలో మళ్లీ పనికి బయల్దేరితే, రాళ్లకి కాపలా కాయడం కూడా ఒక ఉద్యోగమేనా, ఇంట్లో బట్టలు నానుతున్నాయి అన్నాడు. ఆమె విని కూడా వెళ్లింది. వీపు మీద మొదటి నాలుగు చుక్కలు ఆ సాయంత్రం పడ్డాయి. గుచ్చిన తర్వాత అతను ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. డాక్టరు అడిగితే, కుర్చీకి తగిలించిన కొక్కేన్ని చూసుకోకుండా ఆనుకున్నానని చెప్పింది. ఆ తర్వాత కారులో అరగంట దూరంలో ఉన్న చదరపు ఇంటికి ఆమె మళ్లీ రాలేదు.

నీమ్ పండగతో పోటెత్తి ఉంది. పొద్దున్నే మొదలుపెట్టినవాళ్లు అప్పటికే రెండో సీసాలో ఉన్నారు. అవతల పెద్ద రోమన్ బరిలో స్పెయిన్ పద్ధతి ఆట, ఎద్దుల్ని కత్తితో పొడిచి చంపే ఆట. దాని పేరెత్తితే రెజిస్ ఉమ్మేస్తాడు. మనం ఎద్దుకి దండం పెట్టే జాతి, చంపే జాతి కాదు అంటాడు. ఒకసారి పొరుగూరి కుర్రాడొకడు తొందరపడి ఎద్దు భుజం మీద కొక్కెం గీశాడు. చిన్న గీత, నాలుగు నెత్తుటి చారలు. బరి చుట్టూ కూర్చున్న ఊరు ఊరంతా లేచి నిలబడింది. ఈలలు, బూతులు, ఆడవాళ్లు సైతం ఉమ్మారు. ప్రెసిడెంటు ఆట ఆపించి ఆ కుర్రాణ్ణి బయటికి తోలాడు, మళ్లీ ఏ ఊళ్లోనూ వాడికి ఆట దొరకలేదు. ఆ పూట భోజనం దగ్గర రెజిస్ కళ్లనీళ్లు పెట్టుకుని, నోరు లేని జంతువు మీద ఇనుము దింపే చెయ్యి చెయ్యేనా అన్నాడు. ఆ వారం తిరక్కుండానే, చొక్కా కాలరు మీద చెమట మరక పోలేదని, సోలాంజ్ వీపు మీద ఇంకో వరస పడింది. ఎద్దు మీద ఏనాడూ గీత పెట్టని చెయ్యి అని అతనికి పేరు. నిజమే. ఎద్దు మీద పెట్టలేదు.

మెట్ల కింద మార్సెలీన్ కాళ్లు పీకుతున్నాయంది. ఎలాగో పై మెట్టు దాకా ఎక్కి, నీడన చతికిలబడి, మీరు చూసుకోండి అంది. ఎస్టెల్ ఎండ ఎటుపడుతుందో చూస్తున్నట్టు నటిస్తోంది. సోలాంజ్ స్తంభాల మధ్య నిలబడి పైకి చూసింది. ఒకప్పుడు ఇక్కడ నిలబడే ఆమె గొప్పగా చెప్పేది, ఇంత చెక్కుచెదరకుండా నిలిచిన రోమన్ గుడి లోకంలో బహు తక్కువ అని. ఎందుకు నిలిచిందో అప్పుడు చెప్పేది కాదు, తనకే తెలియదు. ఎప్పుడూ ఎవడో ఒకడికి పనికొచ్చింది కనక నిలిచింది. ఒకడు కాపురం పెట్టాడు. ఒక దొర కొనుక్కుని గుర్రపుశాల చేశాడు, స్తంభాల మధ్య గోడలు కట్టించాడు, బళ్లు పట్టడం లేదని నడిమి స్తంభాల ఒళ్లు చెక్కించేశాడు. ఒక డచెస్ దీన్ని తన సమాధి చేసుకోవాలనుకుంది. రాజుగారి మంత్రి ఒకాయన రాయి రాయీ విప్పి వెర్సై రాజభవనానికి పట్టుకుపోదామన్నాడు. సన్యాసులు చర్చి చేశారు, సర్కారు కాగితాల కొట్టు చేసింది. చాకిరీ చేసినంత కాలం ఎవరూ పడగొట్టలేదు, అంతే. చెక్కేసిన స్తంభాన్ని ఆమె అరచేత్తో తడిమింది. మనిషి నడుమెత్తు దాకా చారలు అరిగి నున్నగా ఉంది.

అసలు కట్టించినప్పుడు మాత్రం? రోమ్ చక్రవర్తి ఇద్దరు పిల్లల పేరున కట్టారు. వాళ్లు అతని కొడుకులు కారు, కూతురు కన్న పిల్లలు. కూతురి దగ్గర్నుంచి తీసుకుని కొడుకులని పేరు పెట్టుకున్నాడు. ఆ కూతుర్ని తన రాజకీయానికి ముగ్గురికిచ్చి ముడిపెట్టి, తీరా మాట వినడం లేదని ఒక ఒంటరి దీవికి తోలేశాడు. చుక్క ద్రాక్షసారా కూడా ఇవ్వొద్దని కావలివాళ్లకి చెప్పాడట. ఆమె దీవిలో మగ్గుతుంటే ఇక్కడ ఆమె పిల్లల పేర్లు కంచు అక్షరాలతో నుదుటి మీద మెరిశాయి. ఈ మెట్ల ముందే ఎడ్ల గొంతులు కోసి పండగ చేసుకున్నారు. కన్నతల్లి పేరు ఏ మూలా లేదు. పందొమ్మిదేళ్ల వయసులో సోలాంజ్ ఈ కథ నవ్వుతూ చెప్పేది, వచ్చినవాళ్లు నవ్వుతూ వినేవాళ్లు. ఇప్పుడు ఆమెకి ఒళ్లు మండింది.

"అమ్మా, ఆ పైన బొక్కలేంటి? తుపాకి గుళ్లా?" అంది ఎస్టెల్, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు.

"కావు. అక్కడ కంచు అక్షరాలుండేవి. ఎవరో పీక్కుపోయి కరిగించుకున్నారు. మేకులు దిగిన బొక్కలు మిగిలాయి. వందల ఏళ్లు ఎవరికీ ఏం రాసుందో తెలీలేదు. తర్వాత ఈ ఊరి పండితుడొకాయన నిచ్చెనలు కట్టించుకుని ఎక్కి, ఆ బొక్కలు కాగితం మీదికి దించుకుని, వాటిని బట్టే పేర్లు చదివేశాడు."

"బొక్కల్ని బట్టే?"

"బొక్కల్ని బట్టే. మేకు దిగాక రాయి మర్చిపోదు." సోలాంజ్ గొంతు తగ్గించింది. "నీ వీపు చూపించు."

ఎస్టెల్ మొహం పాలిపోయింది. వెంటనే సర్దుకుని, జోరిస్ కొక్కెం కుర్చీకి తగిలించి ఉంటే చూసుకోకుండా ఆనుకున్నానంది. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఇరవై మూడేళ్ల కింద తను డాక్టరుకి చెప్పిన మాట కూతురి నోట్లోకి ఎలా వచ్చిందో సోలాంజ్‌కి అర్థం కాలేదు. గాలిలో కలిసి ఉండాలి, వంటింటి గోడలకి పట్టి ఉండాలి. ఆ వైపు మనుషులెవరూ లేరు. చివరి స్తంభం వెనక గోడవైపు కూతుర్ని లాక్కుపోయి, తను వెనక్కి తిరిగి, తన చొక్కా మెడ దాకా ఎత్తింది.

ఒక చల్లని వేలు వీపు మీద తగిలింది. ఆ వేలు ఒక వరస మీద నడిచి ఆగింది, కింద వరసకి దిగింది, పక్కకి జరిగింది. రెక్కల నుంచి నడుము దాకా ఎన్నున్నాయో సోలాంజ్‌కే తెలియదు. తన వీపు తను ఎప్పుడు చూసుకుంది కనక.

"జోరిస్ ఒక్కసారే అమ్మా," అంది ఎస్టెల్ వెనకనుంచి. "తర్వాత చాలా ఏడ్చాడు."

"నీ వేలు ముందు పెట్టావే, పైన ఎడమ పక్క, ఆ వరస చూడు. అది వేసినప్పుడు మీ నాన్న కూడా ఏడ్చాడు. కింద వరసలకి ఏడవలేదు."

చొక్కా దించుకుని ఆమె ఇటు తిరిగింది. కూతురు తన మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంటుందని అనుకుంది. ఎస్టెల్ కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి.

"ఆ చొక్కా బుట్టలో ఎందుకేశాననుకున్నావు? నువ్వు చూస్తావని వేశాను. నోటితో చెప్పలేక వేశాను. నువ్వు చూశావు. చూసి ఏం చేశావు? ఉతికి ఇస్త్రీ చేసి నా మంచం మీద పెట్టావు."

ఇన్నేళ్లలో సోలాంజ్‌కి తగిలిన ఏ దెబ్బా ఇంత లోతుకి దిగలేదు. రెజిస్ గుచ్చింది చర్మం మీద, ఇది ఎముకలో దిగింది. కూతురు అడగలేక అడిగితే తను చన్నీళ్లు పోసింది.

ఎస్టెల్ విసవిసా మెట్లు దిగిపోయింది. పై మెట్టు మీద మార్సెలీన్ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని, అంతా విన్న మొహంతో కూర్చుని ఉంది. సోలాంజ్ దగ్గరికి రాగానే, ఇటు తిరక్కుండానే అంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే. ఎవరికి చెప్పుకుంటే ఏమొస్తుంది? ఎద్దు పుండు కాకికి ముద్దు. శనివారం పెళ్లి పెట్టుకుని పిల్ల మనసు విరుస్తావా?"

ముగ్గురూ ఇంటికి వచ్చారు. భోజనంలో ఉప్పుచేప, ఆలివ్ నూనె కలిపి నూరిన ముద్ద పెట్టింది సోలాంజ్. రెజిస్ ఒక్కడే కడుపునిండా తిన్నాడు. తినడం కాగానే ఆమె సన్మానానికి తయారైంది. సంఘం ఆడవాళ్లంతా ఆ పూట తెల్లచొక్కా, మీద అల్లిక శాలువా వేసుకోవాలని ప్రెసిడెంటు భార్య చెప్పింది. పూలగుత్తి పెళ్లామే ఇవ్వాలి, అది మర్యాద. సోలాంజ్ తెల్లచొక్కా బొత్తాలు పెట్టుకుంటుండగా ముందుగదిలో తల్లీ కొడుకులు గుసగుసలాడడం వినిపించింది. ఆ తర్వాత రెజిస్ కుంటి అడుగులు ఉతుకుల గది వైపు వెళ్లాయి.

"ఏమే, ఒకసారి ఇటు రా."

అతను గది మధ్యలో నిలబడి ఉన్నాడు. వెనక మేకులకి కొక్కేలు వరసగా వేలాడుతున్నాయి, ఆమె పొద్దున్నే నూనె రాసి ఆరబెట్టినవి. గుడిలో చొక్కా ఎత్తి ఊరి జనానికి వీపు చూపించావట కదా అన్నాడు, నవ్వుతూనే. జనానికి కాదు, నీ కూతురికి అంది సోలాంజ్. ఏం చూపించావు అన్నాడు. ఆమె అతని కళ్లలోకి చూసి చెప్పింది.

"నువ్వు రాసింది. అది చదువుకుంది. జోరిస్‌తో ఈ పెళ్లి జరగదు రెజిస్."

అతను కాలితో తలుపు తోశాడు. అది పూర్తిగా పడలేదు. ఎడం చేత్తో ఆమె మెడ వెనక పట్టి తొట్టి గట్టు కేసి నొక్కాడు. రాతి అంచుకి పంటి చిగురు పగిలి నోరంతా ఉప్పగా అయింది. కొక్కెం మేకు నుంచి దిగిన చప్పుడు ఆమెకి తెలుసు, కళ్లు మూసుకుని పళ్లు బిగించింది. ఎప్పుడూ గుచ్చి తీసేవాడు. ఈసారి తీయలేదు. కుడి భుజం కింద దించి, నడుము వైపు లాగాడు. నూలు చిరిగిన చప్పుడు ముందు వినిపించింది, తర్వాత తన ఒళ్లే చిరుగుతోందని తెలిసింది. ఆమె కేక వేసింది. ఇరవై మూడేళ్లలో మొదటిసారి గొంతు చించుకుని కేక వేసింది. అతను తల మళ్లీ రాతికేసి కొట్టి, నా సన్మానం రోజే దొరికిందా నీకు, నా ఇంట్లో నా తిండి తిని నా పిల్లకి నూరిపోస్తావా అంటూ రెండోసారి దించాడు. నెత్తురు వెచ్చగా వీపు మీంచి నడుం మడతల్లోకి పాకింది. తొట్టిలో నానబెట్టిన తెల్లబట్టల మీద ముక్కులోంచి చుక్కలు పడుతుంటే, ఇవి మళ్లీ ఉతకాలి కాబోలు అని ఆమెకి తోచింది. ఆ తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తలుపు తెరుచుకుంది. గడప మీద ఎస్టెల్.

రెజిస్ చెయ్యి ఆగింది. రొప్పు తగ్గించుకుని, కొక్కెం తొట్టి గట్టు మీద పెట్టి, పాపాయిని బుజ్జగించే గొంతుతో అన్నాడు.

"ఏం లేదురా తల్లీ. అమ్మ చూసుకోకుండా కొక్కెం మీద ఆనుకుంది."

ఎస్టెల్ అతని వంక చూసింది. గట్టు మీద ఎర్రగా మెరుస్తున్న నాలుగు పళ్ల వంక చూసింది. వెనక్కి అడుగు వేసి దారి ఇచ్చింది. రెజిస్ చేతులు కడుక్కున్నాడు. మార్చుకుని, శాలువా నిండా కప్పుకురా, నాలుగింటికల్లా అక్కడుండాలి అని చెప్పి, జుట్టు దువ్వుకుని, ముందుగా బయల్దేరి వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన రెండు నిమిషాలకి మార్సెలీన్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. కోడలి వంక చూడకుండా నేరుగా తొట్టి దగ్గరికి పోయి కుళాయి తిప్పింది. నీళ్లలో వేలు పెట్టి చల్లగా ఉన్నాయో లేదో చూసుకుంది. గుప్పెట్లో ఉప్పు తెచ్చుకుంది కూడా.

"విప్పు. ఎండితే వదలదు," అంటూ చెయ్యి చాపింది.

సోలాంజ్ గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది. చాపిన ఆ చేతిని చూస్తుంటే, ఇన్నేళ్లూ రాని ఆలోచన ఒకటి వచ్చింది. మామగారు ద్రాక్షసారా పీపాలు చేసేవాడు. ఎద్దు మొహం ఎరగడు, జీవితంలో బరిలో కాలు పెట్టలేదు. ఆయన బట్టలకి అంటేది రంపపు పొట్టే.

"అత్తయ్యా, మామయ్య ఎద్దుల ఆట ఆడలేదు కదా. రక్తానికి చన్నీళ్లని మీకు ఎలా తెలిసింది?"

కుళాయి ధారగా పడుతోంది. మార్సెలీన్ చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. అరచేతిలో ఉప్పు తడికి కరిగి వేళ్ల సందుల్లోంచి కారుతోంది. ఎస్టెల్ నానమ్మ మొహంలోకే చూస్తోంది.

"మా అత్త నేర్పింది," అంది మార్సెలీన్ చివరికి. ఆ తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, కుళాయి కట్టేసింది. తొట్టి పక్క పీట మీద కూర్చుని చెంగుతో మొహం కప్పుకున్నట్టు ఏప్రన్‌లో మొహం దాచుకుంది.

సోలాంజ్ చొక్కా విప్పలేదు. తడిగుడ్డతో మొహం మాత్రం తుడుచుకుని, శాలువా భుజాల చుట్టూ కప్పుకుంది. ఉన్ని తగిలిన చోటల్లా కారం రాసినట్టు భగ్గుమంది. ఎస్టెల్ వచ్చి శాలువా కొసలు ముందువైపు సర్ది, పిన్ను పెట్టింది. తల్లి చెవి దగ్గర మెల్లగా చెప్పింది.

"ఫోటో తీసే ఆయనకి ఫోన్ చేశాను. శనివారం రానక్కర్లేదని."

"జోరిస్‌కో?"

"వాడు బరిలో ఉంటాడుగా. అక్కడే తెలుస్తుంది." కాస్త ఆగి అంది, "నువ్వు ఏం చెయ్యబోతున్నావో అదే చెయ్యి. నేను వెనకే ఉంటా."

ఊరి బరి క్రిక్కిరిసి ఉంది. చెక్క మెట్ల మీద ఊరు ఊరంతా కూర్చుంది. డాక్టరున్నాడు, రొట్టెల కొట్టామె ఉంది, ప్రెసిడెంటు భార్య ఉంది, సోలాంజ్ ఉతికిన బట్టల్లో తెల్లగా మెరిసే కుర్రాళ్లు వరసగా నిలబడ్డారు, అందరికన్నా ముందు జోరిస్. ఇసుక మధ్యలో రెజిస్ టోపీ చేతిలో పట్టుకుని వినయంగా నిలబడ్డాడు. మైకులో ప్రెసిడెంటు గొంతు బొంగురుపోయేలా పొగుడుతున్నాడు. ఇన్నేళ్ల ఆటలో ఎద్దు చర్మం మీద ఒక్క గీత కూడా పెట్టని పవిత్రమైన చెయ్యి అన్నాడు. జనం కాళ్లతో చెక్కలు దడదడలాడించారు. బ్యాండు ఎత్తుకుంది. ఇప్పుడు ఆయన ధర్మపత్ని పూలగుత్తి అందిస్తుంది అన్నాడు.

చెక్క తలుపు తీశారు. సోలాంజ్ ఇసుకలోకి నడిచింది. వెనక ఎస్టెల్ అడుగులు, వాటి వెనక కొంచెం దూరంలో ఇసుకలో దిగబడుతున్న చేతికర్ర చప్పుడు విన్నది, తిరిగి చూడలేదు. రెజిస్ నవ్వుతూ చేతులు చాపాడు. ఆమె పూలగుత్తి అతని చేతుల్లో పెట్టలేదు, ఇసుక మీద పెట్టింది. శాలువా పిన్ను తీసింది. బ్యాండులో ఒకడెవడో ముందే వాయించడం ఆపేశాడు. ఎద్దు భుజం మీద నాలుగు చారలు కనబడితే ఒక్క పెట్టున లేచి నిలబడే ఊరు అది. ఇప్పుడు లేస్తుందో లేదో చూద్దామని సోలాంజ్ శాలువా జారవిడిచి, వాళ్ల వైపు వీపు తిప్పి నిలబడింది.